నలభై దాటని కారు

మా మండలి వాహనాలు గంటకి నలభై కిలోమీటర్ల వేగం దాటకూడదన్న సర్క్యులర్ రాసింది నేనే. ముందే ఒప్పేసుకుంటున్నాను. డైరెక్టరుగారు సంతకం మాత్రమే చేశారు. "పైన ఉదహరించిన విషయమును దృష్టిలో ఉంచుకొని" దగ్గర్నుంచి "ఉల్లంఘించినవారు తగు చర్యలకు బాధ్యులగుదురు" దాకా వాక్యాలన్నీ నావి. ఒక్క కొట్టివేత లేకుండా కూర్చున్నపళంగా రాశాను. ఇరవై ఏడేళ్ల సర్వీసులో అంత అందమైన సర్క్యులర్ నా కలం నుంచి రాలేదని ఆ రోజుల్లో నలుగురికీ చెప్పుకునేవాణ్ని కూడా.

మాది గిరిశిఖర వనరుల వికాస మండలి. ఆఫీసు కొండ కింద టౌనులో ఉంటుంది, వనరులు కొండ మీద ఉంటాయి. రెండింటికీ మధ్య ఇరవై రెండు కిలోమీటర్ల దండుమెట్ట ఘాటు రోడ్డు. అది ఎక్కడానికి ఒక తెల్ల డీజిల్ కారు, ఆ కారుకి సన్యాసప్పడు అనే డ్రైవరు ఉన్నారు. నా పేరు భానోజీరావు, ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్ సూపరింటెండెంటుని.

రెండేళ్ల క్రితం ఇంధన పొదుపు పక్షోత్సవాలు వచ్చాయి. రాష్ట్రమంతా పదిహేను రోజులు పొదుపు చేసి పదహారో రోజు మానేసింది. మా డైరెక్టరు చిదానందమూర్తిగారు మానలేదు. ఆయన ఏది పట్టుకున్నా అంతే. అంతకు ముందేడు యోగా వారోత్సవాలు వచ్చినప్పుడు మీటింగులన్నీ ఆర్నెల్లపాటు పద్మాసనంలో జరిగాయి. మళ్లీ లేవలేక ఇద్దరు సీనియర్ అసిస్టెంట్లు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. ఈసారి ఆయన ఎక్కడో చదివి నలభై అన్న అంకె పట్టుకొచ్చారు. నేను దానికి సర్క్యులర్ తొడిగాను.

సర్క్యులర్లు పంపేవాళ్లకి ఒక సంగతి తెలుసు. వాటిని ఎవరూ పాటించరు. సంతకం పెట్టి తీసుకుంటారు, గోడకి అంటిస్తారు, తమ పని తాము చేసుకుంటారు. ఆఫీసులు నడిచేది అందుకే. మా దురదృష్టం, సన్యాసప్పడు దాన్ని చదివాడు.

చదివి, ఒక మొక్కులాగా పట్టుకున్నాడు. బైపాస్ మీద కూడా నలభయ్యే. ఘాటు దిగేటప్పుడు కారు తనంతట తాను వేగం అందుకోబోతే బ్రేకు మీద కాలు తీసేవాడు కాదు. ముల్లు నలభై దగ్గర మేకు కొట్టినట్టు నిలిచిపోయేది. గడ్డి ట్రాక్టర్లు మమ్మల్ని దాటుకుపోయేవి. ఒకసారి పెళ్లి బ్యాండు లారీ మా పక్కకి వచ్చి, కారు మీద మండలి పేరు చదువుకుని, మా గౌరవార్థం ఒక పాట వాయించి మరీ ముందుకెళ్లింది. డైరెక్టరుగారు కిటికీలోంచి నమస్కారం పెట్టారు.

సన్యాసప్పడి పట్టుదలకి కారణం ఉంది. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క కోడిపిల్లని కూడా తగలని డ్రైవరతను. ఆ ఏడు జూన్ నెలాఖరుకి రిటైరవ్వాలి. మర్నాటినుంచి బస్టాండు వెనక రామతులసిగారి డ్రైవింగు స్కూల్లో మాస్టారుగా చేరాలని మాటైంది. ఆమె ఆడవాళ్లకి మాత్రమే నేర్పుతుంది. ఆమె షరతు ఒక్కటే. సర్వీసు రిజిస్టరు కాపీ తెచ్చి చూపించాలి, అందులో అతివేగం అన్న మాట ఎక్కడా ఉండకూడదు. ఈ మనిషికి అప్పుడే మాస్టారైపోయినంత సంబరం. పొద్దున్నే అద్దం ముందు నిలబడి "క్లచ్చి నెమ్మదిగా వొదలమ్మా, నెమ్మదిగా" అని సాధన చేస్తున్నాడని వాళ్లావిడ మా ఆవిడతో చెప్పి నవ్విందట.

అలాంటి సమయంలో, ఫిబ్రవరిలో ఒక సోమవారం, కారు మొరాయించింది.

ఘాటు మీద నాలుగో మలుపు తిరిగాం. స్టీరింగు ముందు పసుపు దీపం వెలిగింది. సన్యాసప్పడు యాక్సిలేటరు నేలకి ఆనేదాకా తొక్కాడు. కారు మాత్రం పదిహేను దగ్గరే ఉండిపోయింది.

వెనక సీట్లోంచి డైరెక్టరుగారు ఫైలు మీదనుంచి కళ్లెత్తకుండా, "ఎందుకు ఆపావు?" అన్నారు.

"ఆపలేదు బాబూ, ఎక్కుతున్నాం," అన్నాడు సన్యాసప్పడు. "బండికి ఊపిరి అందట్లేదు. ఓపాలి కట్టీసి మళ్లీ తీస్తే సర్దుకుంటాది."

ఇంజను ఆపి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ తీశాడు. దీపం ఆరకపోయినా కారు బుద్ధిగా మూడు మలుపులు ఎక్కింది. ఆ తరవాతి మలుపులో మళ్లీ అదే నీరసం. వెనక్కి తిప్పి టౌనుకి దిగాం. నేనూ సన్యాసప్పడూ తిన్నగా గౌరీసు షెడ్డుకి వెళ్లాం.

గౌరీసు డీజిల్ మెకానిక్కు. స్కానర్ తగిలించి, వచ్చిన కోడు చూసి, "టర్బో ఓవర్‌బూస్టండి," అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. సన్నటి రబ్బరు గొట్టాలన్నీ వేలితో తడిమి ఎక్కడా చీలిక లేదన్నాడు. ఒక గొట్టం పీకి, దాని స్థానంలో చిన్న చేతిపంపు పెట్టి గాలి లాగాడు. టర్బో పక్కనున్న కడ్డీ పైకి లేచింది. వదిలాడు. కడ్డీ సగం దిగి ఆగిపోయింది.

"అదండి రోగం," అన్నాడు. "ఇంజనొదిలిన పొగ టర్బోని తిప్పుతాది. ఆ తిరుగుడికి గాలి ఇంజన్లోకి గట్టిగా ఎక్కుతాది. ఎంతెక్కాలో సూసుకోడానికి లోపల సిన్న సిన్న రేకులుంటాయి, ఆటిని ఈ కడ్డీ కదుపుతాది. గాలెక్కువైతే కడ్డీ ఎనక్కొచ్చీయాల. మసి పట్టీసి ఇది రాట్లేదు. గాలి మోతాదు మించిపోతంది. ఇంజను పగిలిపోద్దేమోనని బండిలో కంప్యూటరు బయపడి, బలం కట్టీసి, పాక్కుంటా ఇంటికెల్లమంటంది. దాన్నే లింప్ మోడ్ అంటారు."

"మసి ఎందుకు పట్టింది?" అన్నాను.

"ఎంతలో తోల్తారు?"

"నలభై," అన్నాడు సన్యాసప్పడు, ఛాతీ కాస్త విరుచుకుని.

గౌరీసు సన్యాసప్పడి మొహంలోకీ నా మొహంలోకీ చూసి పడీ పడీ నవ్వాడు. "డీజిలు బండిని రెండేళ్లు నలభైలో తోల్తే మసి పట్టదేటి? దానికి అప్పుడప్పుడు ఒళ్లు ఏడెక్కాల. ఘాటు మీద మూడో గేర్లో ఓ అరగంట గట్టిగా లాగండి, మసి కాలి పోతాది. అప్పటికీ పోకపోతే ఇప్పి కడుగుతాను."

నేను జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాను. రోగం రాసుకున్నాను, మందు రాసుకోలేదు. నా సర్క్యులర్ని తప్పమనే మందుని నా చేత్తో నేనెలా రాయను? అప్పటి నా బుద్ధి అది.

మర్నాడు డైరెక్టరుగారు నా నోటు చదివి కళ్లజోడు తీశారు. ఆయన కళ్లజోడు తీస్తే తర్కం మొదలవుతుందని అర్థం.

"ఇంజనులోకి పరిమితికి మించి గాలి పోయింది. ఔనా?"

"ఔను సార్."

"యాక్సిలేటరు ఎక్కువ తొక్కితే గాలి ఎక్కువ పోతుంది. ఔనా?"

"ఔననే అంటారు సార్."

"తొక్కేది ఎవరు?"

అంతే. సాయంత్రానికి ఛార్జిమెమో తయారైంది. "మండలి వాహనమును అతివేగముగా నడిపి, తద్వారా టర్బోకు నష్టము కలిగించి" అని నేనే రాశాను. సన్యాసప్పడు దాన్ని నా టేబులు ముందు నిలబడి చదివాడు. అతివేగం అన్న మాట దగ్గర వేలు ఆగిపోయింది.

"నానా?" అన్నాడు. "అతివేగమా? బాబూ, నా పక్కన కూకుని రెండేళ్లు ఆ ముల్లు సూసినోరు మీరే కదా?"

"పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు సిగ్గేసింది. అయినా అన్నాను. జూన్ లోపల ఈ ఛార్జి ఎగిరిపోకపోతే రిజిస్టరులో ఆ మాట ఎక్కుతుంది, స్కూలు పోతుంది. అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు. వాడి సంజాయిషీ ఒక్క వాక్యం: "నేను నలభై దాటలేదు, దేవుడి మీద ఒట్టు." దేవుడు మండలి ఉద్యోగి కాదు కనక ఆ సాక్ష్యం చెల్లదని రిమార్కు రాసి ఫైలు పైకి పంపాను.

తరవాత సాంకేతిక కమిటీ వేశారు. ఉద్యానాధికారి, గణాంకాధికారి, న్యాయ సలహాదారు సభ్యులు. ఉద్యానాధికారికి స్కూటరుంది. గణాంకాధికారి డాక్టరు సలహా మీద నడుస్తాడు. న్యాయ సలహాదారుని వాళ్లావిడ దింపి వెళుతుంది. ముగ్గురికీ కారు నడపడం రాదు కాబట్టి ఏ పక్షమూ వహించరని డైరెక్టరుగారి నమ్మకం.

కమిటీ మా కార్ల షెడ్డులో కూర్చుంది. నిలబెట్టిన కారులో ఇంజను నడపడం ఇంధన వృథా అని నా సర్క్యులర్ ఆరో పేరా చెబుతుంది. అందుకని ఇంజను ఆపి పరీక్షించారు. బానెట్టు ఎత్తి, ముగ్గురూ చెవులు పెట్టి విని, "టర్బో నుండి ఎట్టి అసాధారణ శబ్దమూ వినరాలేదు" అని రాసుకున్నారు. తరవాత చదును రోడ్డు మీద నలభైలో నడిపించి చూశారు. కారు నలభైలో చక్కగా నడిచింది. "వాహనము పూర్తి ఆరోగ్యముగా నున్నది, లోపము మాత్రము కొనసాగుచున్నది" అని రాశారు.

సాక్షిగా వచ్చిన గౌరీసు ఘాటు మందు మళ్లీ చెప్పాడు. న్యాయ సలహాదారు ఉలిక్కిపడ్డాడు. "అంటే, నేరారోపణ నుండి విముక్తి నిమిత్తం అదే నేరమును ఆచరించమని తమరి సూచనా?"

"నేరమేటండీ బాబూ, ఘాటెక్కడవే కదా," అన్నాడు గౌరీసు.

వారం తర్జనభర్జన తరవాత కమిటీ ఒక మధ్యేమార్గం సిఫార్సు చేసింది. "సదరు వాహనమును అరవై కిలోమీటర్ల వేగముతో, అయితే ఎట్టి పరిస్థితులలోనూ నలభై మించకుండా, ఘాటు రోడ్డుపై నడిపి చూడవచ్చును." సన్యాసప్పడు ఆ వాక్యం నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు. "ఇది తోలడం నాకు రాదండి," అన్నాడు చివరికి.

కమిటీ రిపోర్టులో అనుబంధంగా లింప్ మోడ్ గురించి అరపేజీ ఉంది. డైరెక్టరుగారు అసలు రిపోర్టు పక్కన పెట్టి ఆ అరపేజీ చదివారు. నన్ను పిలిచారు. ఆయన కళ్లలో యోగా రోజులనాటి మెరుపు కనిపించి నాకు మోకాళ్లు నొప్పెట్టాయి.

"భానోజీరావుగారూ, రెండేళ్లుగా నేను కాగితాల మీద చెబుతున్నదాన్ని ఈ వాహనం స్వయంగా గ్రహించింది. ప్రమాదం పసిగట్టింది, తన్ను తాను నియంత్రించుకుంది. ఇది లోపం కాదు, క్రమశిక్షణ. మన వాహనాలన్నీ ఈ నెలాఖరులోగా లింప్ మోడ్‌కి తీసుకురావాలి."

మిగతా రెండు జీపుల్నీ, నీళ్ల ట్యాంకరునీ గౌరీసు దగ్గరికి పంపాం. "బాగున్న బండిని పాడుసేసే పని నాకు రాదండి, దానికి మీ ఆపీసే మంచిది," అని వాడు వెనక్కి పంపేశాడు.

వాహనాలు లొంగకపోయేసరికి డైరెక్టరుగారి దృష్టి మనుషుల మీద పడింది. సిబ్బంది స్వీయ నియంత్రణ విధానం వచ్చింది. ప్రతి టేబులు మీదా ఒక పసుపు దీపం బిగించారు. ఎవరైనా పరిమితికి మించి పనిచేస్తే అటెండరు ఆ దీపం వెలిగించాలి. వెలిగినవాళ్లు లేచి, వరండాలోకి వెళ్లి, పది అంకెలు లెక్కపెట్టుకుని తిరిగొచ్చి కూర్చోవాలి. మొదటి వారంలోనే టైపిస్టు హేమసుందరికి మెమో వెళ్లింది. రోజుకి అరవై ఉత్తరాలు కొడుతోందని, ఇకమీదట రెండు వేళ్లతో మాత్రమే కొట్టవలసిందనీ. పాపం ఆ పిల్ల వరండాలోనే ఎక్కువ ఉండేది. మా సెక్షన్లో మిగతా పదకొండుమందికీ ఆ దీపం ఒక్కసారి కూడా వెలగలేదు. వాళ్లు ఉద్యోగంలో చేరిన రోజునుంచీ ఆ మోడ్‌లోనే ఉన్నారు.

ఈలోగా ఏప్రిల్ వచ్చింది. దాంతోపాటు రాష్ట్రస్థాయి ఇంధన పొదుపు పురస్కారం మా మండలికే వచ్చింది. కొండమీద గెస్టుహౌసులో సభ. పదకొండు గంటలకి ముఖ్య కార్యదర్శిగారు స్వయంగా ఇస్తారు, పదకొండుంబావుకి వెళ్లిపోతారు. జీపులో వెళ్దామని నేనన్నాను. డైరెక్టరుగారు వినలేదు. పురస్కారం తెచ్చిన కారులోనే వెళ్లి పురస్కారం తీసుకోవాలన్నారు. తొమ్మిదింటికి బయల్దేరాం. ఆయన పట్టు పంచె, నేను ఇస్త్రీ చొక్కా, సన్యాసప్పడు ఛార్జిమెమోతో పాటు వచ్చిన నీరసపు మొహం.

నాలుగో మలుపులో పసుపు దీపం వెలిగింది. ఈసారి పదిహేను కూడా కాదు, ముల్లు ఐదు మీదే కూర్చుంది. పదీ ముప్పైకి ఇంకా పదో కిలోమీటరు రాయి దగ్గరున్నాం. చీపురుగడ్డి మోపు నెత్తిన పెట్టుకున్న ఒక ముసలమ్మ వెనకనుంచి నడిచొచ్చి మమ్మల్ని దాటబోతూ కిటికీలోకి వంగింది.

"ఏటి బాబూ, తొయ్యాలా?"

డైరెక్టరుగారికి చెమటలు పట్టాయి. "సన్యాసప్పడూ, కాస్త తొందరగా పోనివ్వు."

"కట్టీసి మళ్లీ తీసి, మూడో గేర్లో గట్టిగా తొక్కితే పోతాది బాబూ. కానైతే నలబై దాటుతాది."

"దాటనీ!"

సన్యాసప్పడు కారు పక్కకి తీసి హ్యాండ్ బ్రేకు వేశాడు. "కాయితం కావాలి బాబూ."

"నేను నోటితో చెబుతున్నాను కదయ్యా!"

"నోటి మాట సెల్లదని సర్క్యులర్లో ఉందండి. ఏడో పేరాలో."

డైరెక్టరుగారు నావైపు చూశారు. ఏడో పేరా కూడా నాదే. నేను ఆహ్వానపత్రం వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టాను. "తక్షణ ప్రజా ప్రయోజనము దృష్ట్యా, దండుమెట్ట ఘాటు రోడ్డు పదవ కిలోమీటరు నుండి శిఖరము వరకు..." డైరెక్టరుగారు సీట్లో కదిలిపోతున్నారు. "త్వరగా రాయండి మహాప్రభో!" ఎంత తొందరైనా తేదీ, రిఫరెన్సు నంబరు లేకుండా నేను ఉత్తర్వు ఇవ్వలేను. అవీ వేశాను. ఆయన సంతకం గీకారు. సన్యాసప్పడు దాన్ని మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టి, గుండీ పెట్టుకున్నాడు.

తరవాత ఇంజను ఆపాడు. పది అంకెలు లెక్కపెట్టాడు. తీశాడు.

ఆ మనిషి ఒంట్లో ఇరవై తొమ్మిదేళ్ల పనితనం దాగుందని నాకు అప్పుడు తెలిసింది. మలుపు వస్తే హారన్ కొట్టి ఒడుపుగా తగ్గించేవాడు, తిన్నని రోడ్డు దొరికితే చివరిదాకా లాగేవాడు. ఇంజను అరిచింది. వెనక నల్లటి పొగ లేచి రోడ్డు కనపడకుండా పోయింది. రెండు మలుపులు దగ్గి, మూడో మలుపులో కారు గొంతు సవరించుకుంది. పొగ పలచబడింది. ముల్లు యాభై దాటింది, యాభై ఎనిమిది దగ్గర ఊగింది. రెండేళ్ల తరవాత ఆ ముల్లు కదలడం చూసి నాకు పట్టరాని ఆనందం వచ్చింది. చిన్నపిల్లాడిలా గట్టిగా నవ్వేశాను. వెనకనుంచి విష్ణు సహస్రనామం వినిపించింది.

పదీ యాభై ఏడుకి గెస్టుహౌసు ముందు ఆగాం. రెండేళ్లలో ఒక్కసారి కూడా నలభై దాటని వాహనానికిగాను డైరెక్టరుగారు చప్పట్ల మధ్య జ్ఞాపిక అందుకున్నారు. బయట కారు సైలెన్సరు ఇంకా టిక్కు టిక్కుమంటోంది.

మర్నాడు గౌరీసు చేతిపంపు పెట్టి చూశాడు. కడ్డీ పూర్తిగా లేచి, పూర్తిగా దిగింది. పాత కోడు చెరిపేసి మళ్లీ స్కానర్ పెడితే ఏ తప్పూ చూపించలేదు.

ఇక ఫైలు మిగిలింది. కమిటీ, డైరెక్టరుగారు, నేను కూర్చున్నాం. గోడ మీద కొత్త జ్ఞాపిక ఉంది.

"అతివేగం రుజువు కాలేదు," అన్నారు డైరెక్టరుగారు విచారంగా. "కానీ ఛార్జిమెమో ఇచ్చి ఉన్నాం. ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసే ఉండాలి."

"వేగంతో నయమైంది కనక నెమ్మదితో పాడై ఉండాలి," అన్నాడు గణాంకాధికారి.

"నెమ్మదిగా నడపమన్నది..." అని మొదలుపెట్టి ఉద్యానాధికారి జ్ఞాపిక వంక చూసి ఆగిపోయాడు.

అప్పుడు నేను గొంతు సవరించుకున్నాను. "సార్, సర్క్యులర్‌లో లోపం లేదు. నలభై దాటవద్దంది, నిజమే. కానీ ఏ ఆఫీసైనా రూలు పెట్టేది ఉద్యోగులు అప్పుడప్పుడైనా దాన్ని తప్పుతారన్న నమ్మకంతో. ఆ నమ్మకం మీదే ప్రభుత్వం నడుస్తోంది. ఈ డ్రైవరు రెండేళ్లపాటు ఒక్కసారి కూడా తప్పకుండా ఆ నమ్మకాన్ని వమ్ము చేశాడు. కారు పాడైంది అందువల్లే."

డైరెక్టరుగారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. "అద్భుతం. కఠినంగా రాయండి. రిజిస్టరులో, ఎర్ర సిరాతో."

రాశాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని, నాకు చేతనైనంత కఠినంగా రాశాను.

జూన్‌లో సన్యాసప్పడు కాపీ తీసుకోవడానికొచ్చాడు. కవరులో పెట్టి ఇచ్చాను. విప్పలేదు. "సదవనండి. ఎర్ర సిరాతో రాసినారని అటెండరు సెప్పినాడు. ఆవిడి ముందు ఒక్కన్నీ నిలబడలేను, మీరు కూడా రండి," అన్నాడు. కాగితంలో ఏముందో చెప్పకుండా వెంట వెళ్లాను.

రామతులసిగారు బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. బెంచీ మీద నలుగురైదుగురు ఆడవాళ్లు తమ వంతు కోసం చూస్తున్నారు. ఆమె కవరు చింపి, కాగితం చదివి, సన్యాసప్పడి మొహంలోకి చూసింది. వాడు తల వంచుకున్నాడు. ఆమె మళ్లీ, ఈసారి పైకి, చదివింది.

"శ్రీ పతివాడ సన్యాసప్పడు, డ్రైవరు, తన యావత్తు సర్వీసులో, పై అధికారి లిఖితపూర్వకముగా ఆజ్ఞాపించిన ఒకే ఒక సందర్భమున తప్ప, ఎన్నడూ, ఎక్కడా, ఎవరెంత తొందరపెట్టిననూ, నిర్ణీత వేగమును మించలేదని విచారణలో నిస్సందేహముగా రుజువైనది. ఇట్టి ప్రవర్తనకు గాను ఆయనను తీవ్రముగా హెచ్చరించడమైనది."

బెంచీ మీద ఒకావిడ కిసుక్కున నవ్వింది. రామతులసిగారు నవ్వలేదు. కాగితం బల్ల మీద పెట్టి చేత్తో సాపు చేసింది.

"ఇరవయ్యేళ్లనుంచి స్కూలు నడుపుతన్నాను. ఇలాటి సర్టిఫికెట్టు ఏ డ్రైవరూ తేలేదు," అంది. "జులై ఒకటో తారీకు, పొద్దున్న ఆరింటికి వొచ్చీయండి, మాస్టారూ."

సన్యాసప్పడు కాగితం తీసుకుని, ఒక్కో మాట కింద వేలు పెట్టి, తనే చదువుకున్నాడు. చివరిదాకా వెళ్లి నావైపు తిరిగాడు. కళ్లనిండా నీళ్లు, మొహమంతా నవ్వు.

"తీవ్రముగా అంటే బాగా గట్టిగానేనా, సూపర్నెంటు గారూ?"

"నాకు చేతనైనంత గట్టిగా," అన్నాను.